ప్రశ్నలు అడిగే ఆవిడ

కొండ దిగి వచ్చిన మినీబస్సు వర్క్‌షాపు గేటు దాటి, ఆగాల్సిన చోట ఆగక, పాత టైర్ల గుట్టకి గుద్దుకుని ఆగింది.

డ్రైవరు కిందికి దూకాడు.

"బ్రేకు పెడలు నేలకి తగిలిపోతోంది సార్. కాసేపాగి తొక్కండి, ఏమీ ఎరగనట్టు ఉంటుంది."

వర్క్‌షాపు ఇంజనీరు కాసేపాగి తొక్కి చూశాడు. రాయిలా ఉంది.

ఇలా జరగడం మొదటిసారి కాదు. అన్నీ కొండమీది బడికి పిల్లల్ని చేరవేసే బండ్లే. బ్రేకు లైనింగులు మార్చారు, గొట్టాలు మార్చారు. జబ్బు మాత్రం పోలేదు.

"బండ్లు ఆపితే స్కూలు వాళ్ళు నా పీక పట్టుకుంటారు. ఇంత చదివి ఏం లాభమయ్యా?" అన్నాడు మేనేజరు.

ఇంటికెళ్తే భార్య గుమ్మంలోనే అడిగింది.

"రేపు పిల్లని బస్సెక్కించనా, వద్దా? ఒక్క మాట చెప్పండి."

ఎక్కించమనాలంటే భయం. తన పిల్లని వద్దంటే, మిగతా పిల్లల తల్లులకి ఏమని చెప్పాలి?

రవాణా సంస్థల లైబ్రరీలన్నీ ఒక నెట్‌వర్కుగా ఉన్నాయని, ఒకచోట అడిగితే అన్నిచోట్లా వెతికి పెడతారని ఎవరో చెప్పారు. అదీ చూద్దామని ప్రశ్న రాసి పంపాడు.

మర్నాడే ఫోను మోగింది. ఆడమనిషి గొంతు.

"లైబ్రరీ నుంచండి. మీ బ్రేకులు దిగేటప్పుడే పోతున్నాయా, ఎక్కేటప్పుడు కూడానా?"

"దిగేటప్పుడే. రాశాను కదమ్మా. రిపోర్టేదైనా ఉంటే పంపండి, చాలు."

"వెతుకుతున్నామండి. మళ్ళీ చేస్తాను."

అన్నట్టే చేసింది. అప్పుడతను బండి కింద పడుకుని ఉన్నాడు. గ్రీజు చేతులతోనే ఫోనెత్తాడు.

"మీ బ్రేకు ఆయిల్ ఏ గదిలో పెడతారండి? గోడలు చెమ్మగా ఉంటాయా?"

"మా గోడలతో మీకేం పని?"

"నాకు కాదండి. రేవు పట్టణంలో ఒక వర్క్‌షాపు వాళ్ళు అడగమన్నారు. వాళ్ళకీ ఇలాంటిదే వచ్చిందట."

"అంటే మా సంగతి అప్పుడే ఊరూరా టముకు వేశారా?"

"మీ పేరు చెప్పలేదండి. జబ్బు మాత్రమే చెప్పాను."

"ఇంతకీ మీరు ఇంజనీరా?"

"కాదండి. డబ్బా మూత తీశాక మళ్ళీ బిగిస్తారా, అలాగే వదిలేస్తారా?"

అతనికి ఒళ్ళు మండింది. ఫోను పెట్టేసి, అదే కోపంలో లైబ్రరీ పైఅధికారులకి ఫిర్యాదు రాసి పడేశాడు. అడిగింది రిపోర్టు, మీ మనిషి ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తోంది, ఏమీ తెలియనివాళ్ళని అలాంటి చోట కూర్చోబెట్టకండి అని.

ఆ వారంలోనే రేవు పట్టణం వాళ్ళ రిపోర్టు వచ్చింది.

బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొండ దిగేటప్పుడు బ్రేకులు కాగి, ఆ తేమ ఆవిరవుతుంది. ఆయిల్లో ఆవిరి బుడగలు నొక్కుకుపోయి పెడలు దిగబడుతుంది. చల్లారితే అంతా మామూలే.

అతను స్టోరు గదికి పరుగెత్తాడు. గోడలు కారుతున్నాయి. డబ్బాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

అన్ని బండ్లలోనూ ఆయిల్ మార్పించాడు. ఖాళీ బస్సు తనే కొండ మీదికి తీసుకెళ్ళి, తనే దింపుకొచ్చాడు. పెడలు దిగబడలేదు.

"పిల్లని ఎక్కించు" అన్నాడు భార్యతో.

ఆవిడే మళ్ళీ ఫోను చేసింది.

"నయమైందా అండి?"

"అయిందమ్మా" అన్నాడు కాస్త నసుగుతూ.

"అయితే జరిగింది ఒక అరపేజీ రాసి పంపండి సార్. ఇంకో ఊరివాళ్ళు అడిగితే ఇవ్వడానికి ఉంటుంది."

మేనేజరు ఒప్పుకోలేదు.

"డబ్బాల మూతలు తీసి పారేశామని మన నోటితో మనమే చెప్పుకోవాలా? పరువేం కాను?"

అది నిజమేననిపించింది అతనికి. ఆవిడ మళ్ళీ అడిగితే "చూద్దాం లెండి" అన్నాడు. ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. కొన్నాళ్ళకి ఫోన్లు కూడా ఆగిపోయాయి.

వానలు వెళ్ళాక ఏదో పనిమీద ఆ లైబ్రరీ ఉన్న ఊరికే వెళ్ళాల్సి వచ్చింది. ఇంత దూరం వచ్చి ఆవిడకి ఒక మంచిమాట చెప్పకుండా పోవడం బాగుండదనుకున్నాడు.

లైబ్రరీ బస్టాండు మేడ మీద ఉంది. కిటికీ పక్కన ఫోను, దాని ముందు ఖాళీ కుర్చీ. లైబ్రేరియన్ ఒక్కతే పుస్తకాల కట్టలతో కుస్తీ పడుతోంది.

"ఇక్కడినుంచి ఫోన్లు చేసే ఆవిడ..."

"ఆవిడ మా ఉద్యోగి కాదండి. రోజూ తనంతట తనే వచ్చి కూర్చుని, వచ్చిన ప్రశ్నకల్లా ఊరూరా ఫోన్లు చేసేవారు. ఎవరో వర్క్‌షాపు ఆయన ఫిర్యాదు చేశాడు. పైవాళ్ళు నామీద పడ్డారు. రావద్దని నా నోటితోనే చెప్పించారు."

ఫిర్యాదు చేసినాయన ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"ఇప్పుడా పని ఎవరు చేస్తున్నారు?" అన్నాడు.

"ఎవరూ చేయట్లేదు. ప్రశ్నలు వచ్చి పడుతూనే ఉన్నాయి. నాకున్నవి రెండే చేతులు."

"ఆవిడ ఇల్లెక్కడ?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

"జీతం లేని పని. బ్రేకులూ ఆయిలూ... ఆవిడకెందుకండీ ఇవన్నీ?"

లైబ్రేరియన్ చేతిలో కట్ట కింద పెట్టింది.

"చాలా ఏళ్ళ కిందట మా ఊరి కొండ దిగుతూ ఒక బస్సు లోయలో పడింది. బ్రేకు ఆయిల్లో తేమ. అప్పటికే రేవు పట్టణం వాళ్ళకి ఆ జబ్బు వచ్చి, మందు కూడా దొరికిందట. పరువు పోతుందని బయటికి చెప్పలేదు. ఈవిడ వెంటపడి వెంటపడి, చివరికి వాళ్ళచేత ఆ రిపోర్టు రాయించారు."

కట్ట మళ్ళీ ఎత్తుకుంటూ అంది.

"ఆ బస్సు నడిపింది ఆవిడ భర్త."