మెడలో చేప

"నా కొడుకు మెడలో ఏం కట్టావే?"

అత్తగారు బెథియా తలుపు తోసుకుని వచ్చిపడింది. ఆమె వెనకే వాన, సముద్రపు హోరు. నల్లరాతి లాకెట్టు చెక్కుతున్న ఎల్స్‌పెత్ చేతిలోంచి ఉలి జారిపోయింది.

"నేను చేసిన నగే అత్తయ్యా. ఇవాళ ఆయన పుట్టినరోజు కదా! మా పుట్టింటి పొలంలో, పూర్వం ఇక్కడుండే పిక్టు జాతివాళ్లు బొమ్మలు చెక్కిన రాయి ఉంది. దానిమీది బొమ్మే చెక్కాను."

"చేప బొమ్మట? పొద్దున వాడు వెళ్తుంటే పక్కింటావిడ చూసిందిట. ఏ చేప?"

"సాల్మ..."

బెథియా ఒక్క అంగలో వెళ్లి పొయ్యి ఇనుప తలుపు పట్టుకుంది. "నోర్ముయ్! ముందు ఇనుము ముట్టుకో, కీడు పోతుంది! పడవ మీద దాని పేరే ఎత్తం, అరిష్టమని. నువ్వు ఏకంగా మెడకే వేలాడదీసి పంపావా? పొలాల పిల్లని చేసుకోవద్దురా అంటే విన్నాడా!"

ఎల్స్‌పెత్‌కి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా ఇనుము ముట్టుకుంది. గావిన్ వెళ్లిన పడవ మధ్యాహ్నం నుంచి రేడియోకి పలకడం లేదు. తన చేతులతో తనే మొగుణ్ణి ముంచేసిందా?

"పద రేవుకి. మీ మావయ్య పొద్దున వాణ్ణి సాగనంపడానికి వెళ్లి ఇంకా రాలేదు. అక్కడే పడిగాపులు కాస్తుంటాడు."

ఎల్స్‌పెత్ శాలువా అందుకునేలోగా తలుపు తెరుచుకుంది. గుమ్మంలో గావిన్! తడిసి ముద్దయ్యాడు. మెడలో రాతిచేప అలాగే ఉంది.

ఎల్స్‌పెత్ పరుగెత్తి వాటేసుకుంది. ఏడుపు ఆగలేదు.

"ఎలా బయటపడ్డావురా?" అంది బెథియా.

"నేను ఎక్కితేగా! సరంగు దీన్ని చూసి, దిగు కిందకి అన్నాడు. తీసేస్తానన్నా వినలేదు. పోట్లాడి, ఒళ్లు మండి కొండమీదికి పోయాను. పడవ సంగతి ఇప్పుడే రేవులో తెలిసింది."

బెథియా రాతిచేపని కళ్లకద్దుకుంది, ముద్దులు పెట్టుకుంది. కోడలి గడ్డం పట్టుకుని, "బంగారు తల్లివే! నీ రాయే నా బిడ్డని కాపాడింది" అని ఏడుస్తూ నవ్వింది. గావిన్ మాత్రం నవ్వలేదు.

"అలా నిలబడతావేంరా? రేవులో మీ నాన్నకి కనబడ్డావా? పాపం, నీకోసం హడలి చస్తుంటాడు."

గావిన్ తలెత్తలేదు.

"మనిషి తక్కువయ్యాడని, నా బదులు నాన్న ఎక్కాడమ్మా."