ఆదివారం నీళ్ళు

“సగానికి దిగిపోయింది మేడమ్!” డాబా మీంచి ప్లంబరు కేకేశాడు.

హాస్టలు మేనేజరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మూడింటికి ట్యాంకరు తెప్పించి, అంచుదాకా నిండిందని తన కళ్ళతో చూసి మరీ సంతకం పెట్టింది. ఇప్పుడింకా నాలుగున్నర. పిల్లల్ని చూడ్డానికొచ్చిన అమ్మానాన్నల్లో ఆఖరివాళ్ళు గేటు దాటి గట్టిగా అరగంట కూడా కాలేదు.

“సరిగ్గా చూడవయ్యా బాబూ!” అంటూ ఇనప నిచ్చెన కింద నిలబడి పైకి చూసింది. అతను మూత జరిపాడు. మూత మీది తుప్పు పొడిపొడిగా రాలి, సరాసరి ఆవిడ కళ్ళల్లో పడింది.

“అమ్మో, నా కళ్ళు!”

“తుప్పే మేడమ్, ఏం కాదు.”

“తుప్పే అంటావేంటి? చూపు పోతే నువ్విస్తావా?” రుమాలుతో నులుముకుంటే కళ్ళు ఇంకా ఎర్రబడి, ధారగా కారడం మొదలెట్టాయి. “ఆరుసార్లు వాషర్లు మార్చావు. ఏం ఒరిగింది?”

“పైపు కారితే సోమవారం కూడా కారాలి కదా మేడమ్! తల్లిదండ్రులొచ్చే ఆదివారమే చూసుకుని కారడానికి పైపుకేమన్నా క్యాలెండరు తెలుసా?”

“అయితే గోడలోకి పోతున్నాయేమో!” అనేసింది. ఆ గోడ పక్కనే మూడో తరగతి పిల్లల మంచాలు. గోడ నానుతుంది. నానిన గోడ ఊరుకుంటుందా? పెళ్ళలు ఊడిపడ్డం, పిల్లలు కేకలు పెట్టడం, గేటు దగ్గర జనం, అన్నీ ఆ ఒక్క క్షణంలో ఆవిడ కళ్ళకి కట్టేశాయి.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఛైర్మన్ గారు.

“ఏమ్మా, ఇవాళ కూడా ట్యాంకరేనట? మూడు నెలల్నుంచి ఇదే గోల. మీరు నడిపేది హాస్టలా, చేపల చెరువా?”

“సార్, వచ్చినవాళ్ళు వాడేస్తున్నారేమోనని ముందు వరండాలో కొళాయిలకి తాళాలు వేయించాను. ఒకావిడ చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవని నన్ను నానా మాటలూ అంది. అవీ పడ్డాను.”

“పడితే నీళ్ళు ఆగాయా?”

“సార్, నేనేం తక్కువ చేశాను చెప్పండి! గ్యాసు ఏడు బండల నుంచి ఐదుకి దించాను. దీపాలు తొమ్మిదికల్లా ఆర్పిస్తున్నాను. స్కూలు తెరిచిన నెలలో, పిల్లల ఏడుపులు విని ముగ్గురు తల్లులు గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చి, ఫీజు తిరిగిమ్మని, పిల్లల్ని తీసుకుపోయారా? ఏడుపు బయటికి వినపడకూడదని ఒక్క నోటీసు పెట్టాను. అంతే, ఆ తర్వాత ఒక్క సీటు ఖాళీ అవలేదు. ఏడుపులే ఆపించినదాన్ని, ఈ నీళ్ళు ఒక్కటే...”

“ఆరింటికల్లా నీళ్ళెక్కడికి పోతున్నాయో నాకు చెప్పాలి. చెప్పలేకపోతే తాళాల గుత్తి ఆఫీసులో పెట్టి వెళ్ళిపోండి. రేపట్నుంచి రానక్కర్లేదు.” ఫోను పెట్టేశాడు.

ఆవిడ తాళాల గుత్తి వైపు చూసుకుంది. పద్నాలుగేళ్ళ ఉద్యోగం. ఇంటి అద్దె, అత్తగారి మందులు, అన్నీ ఆ గుత్తికే వేలాడుతున్నట్టనిపించింది.

“సార్ ఏమన్నారు మేడమ్?” ప్లంబరు పైనుంచి అడిగాడు.

“సన్మానం చేస్తారట! దిగు, దిగు. దిగేటప్పుడు కాలు జారి నా ప్రాణం తియ్యకు.”

విసవిసా ఆడపిల్లల బ్లాకులోకి నడిచింది. నడవాలో తను సంతకం పెట్టిన ఆ నోటీసు ఒక మూల ఊడి వేలాడుతోంది. అంత చిరాకులోనూ ఆగి, ఆ మూలని బొటనవేలితో గట్టిగా నొక్కి అతికించి మరీ కదిలింది.

స్నానాల గదుల ముందు వార్డెను అడ్డంగా నిలబడి ఉంది.

“ఇప్పుడు లోపలికెందుకు మేడమ్? పిల్లలున్నారు.”

“ఈ వేళప్పుడు స్నానాలేంటమ్మా? పొద్దున చేశారుగా?”

వార్డెను గుమ్మానికి ఇంకాస్త అడ్డంగా జరిగింది.

“నీళ్ళ చప్పుడు ఇక్కడిదాకా వినపడుతోంది! ఇంతకాలం చూస్తూ ఊరుకున్నావా? అక్కడ నా ఉద్యోగం ఊడుతోందమ్మా తల్లీ, తప్పుకో!”

వార్డెను తప్పుకుంది. లోపల ఆరు గదులు. ఆరు తలుపులూ మూసే ఉన్నాయి. ఆరింట్లోనూ పంపులు హోరుమంటున్నాయి. నీళ్ళు తలుపుల కిందినుంచి తళతళలాడుతూ వచ్చి తూములోకి పోతున్నాయి. బయట గోడ వారగా ఎనిమిది మంది చిన్నపిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కరి చేతిలోనూ తువ్వాలు లేదు, సబ్బు లేదు, బకెట్టయినా లేదు.

“ఎవరే ఈ ఆట మొదలెట్టింది?” అరిచింది మేనేజరమ్మ. “జారిపడితే తలలు పగులుతాయే!”

ఒక తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఒక పిల్ల ముక్కు తుడుచుకుంటూ బయటికొచ్చింది. జడ తడవలేదు. గౌను తడవలేదు.

వరసలో ముందున్న పిల్ల లోపలికెళ్ళబోతూ, ఎర్రగా ఉబ్బి ధారలు కారుతున్న మేనేజరమ్మ కళ్ళని చూసి ఆగిపోయింది. పక్కకి జరిగి దారిచ్చింది.

“మీరు ముందెళ్ళండి మేడమ్, నేను తర్వాత ఏడుస్తాలే. పంపు మాత్రం మొత్తం తిప్పుకోండి, లేకపోతే బయటికి వినపడుతుంది.”