కృపణమ్మ

"వదినా, సుట్టాలొచ్చినారు. సారెడు బియ్యం ఉంటే ఇయ్యి."

"లేవమ్మా," అంది కృపమ్మ, తలుపు ఓరగా పట్టుకుని.

పక్కింటి సూసన్నకు ఒళ్ళు మండింది. ఆ పొద్దున్నే బియ్యం బస్తా ఆ ఇంట్లోకి వెళ్ళడం నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల లైనంతా చూసింది.

కృపమ్మ ఎవరికీ ఏమీ పెట్టదు. గుమ్మం దాటి లోపలికి రమ్మనదు. తనూ సరిగ్గా తినదు.

భర్త సుందర్ రాజు మాత్రం ధారాళమైన మనిషి. గూడ్సు గార్డు. ఖరిదా బజార్లో టీకొట్టు దగ్గర కూర్చున్నాడంటే పక్కనున్నవాళ్ళందరికీ చాయ్, సమోసాల్లాంటి సింగాడాలు ఇప్పిస్తాడు. భార్య పేరు మార్చిందీ అతనే. కృపణమ్మ! అక్కడి బెంగాలీలూ పిసినారిని కృపణ అనే పిలుస్తారు కాబట్టి బజారంతా నవ్వేది.

"దాదా, అందరికీ చాయ్ ఇయ్యి. ఇంటికి తీస్కెళ్తే మా కృపణమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వదు," అన్నాడు ఒక సాయంత్రం.

తెలుగు మేస్టారు రాధాకృష్ణమూర్తి గ్లాసు కింద పెట్టారు.

"ఆ మాటకి మొదటి అర్థం పిసినారి కాదు రాజూ. సంస్కృతంలో కృపణుడంటే దీనుడు, చూస్తే జాలేసేవాడు. కృప, కృపణ ఒక్క కడుపున పుట్టినవే. ఉండి కూడా తినలేనివాడిదీ దీనమైన బతుకే కదా, అందుకని తరవాత పిసినారికి అంటుకుంది కాబోలు."

"అయితే నా మీద జాలి పడండి మేస్టారూ! ఆ మనిసితో కాపురం సేస్తన్నది నేను గదా!"

అందరూ నవ్వారు. మేస్టారూ నవ్వేశారు.

ఎనభై ఏడు వానాకాలంలో కృపమ్మ మంచం పట్టింది. ఒంట్లో రక్తం లేదు, పాలూ గుడ్లూ పెట్టమన్నాడు డాక్టరు.

"నాకేటీ వద్దు," అంది ఆమె, గోడవైపు తిరిగి.

తన ఒంటికి కూడా పెట్టుకోలేని పిసినిగొట్టు అంది లైనంతా. క్రిస్మస్ రాకుండానే కృపమ్మ పోయింది.

సమాధి దగ్గర్నుంచి జనం ఇంటికొచ్చారు. వరండాలో కూలబడి ఏడుస్తున్న సుందర్ రాజు చుట్టూ చేరి ఓదార్చారు. వాళ్ళకి టీ పెడదామని సూసన్న మొదటిసారి ఆ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి గట్టు మీద గిన్నెలో ఒక పూటకి సరిపడా బియ్యం. ఇంకేమీ కనబడలేదు. బయటికొచ్చింది.

"అన్నయ్యా, పంచదార ఎక్కడున్నాది?"

"ఎంతమందికి?" అంటూ సుందర్ రాజు కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, మెడలో సిలువ పక్కనే వేలాడుతూ దానితో ఒరుసుకుని అరిగిపోయిన తాళంచెవితో గోడబీరువా తెరిచి, పంచదార చెంచాతో కొలిచి ఆమె గిన్నెలో పోసి, మళ్ళీ తాళం వేశాడు.