ఐదో తూటా

“నాలుగే ఉన్నాయి బావగారూ. ఐదోది ఏది?”

తుపాకీ ఖాళీ చేసి, తూటాలని బల్లమీద వరసగా నిలబెట్టి అడిగాడు సెక్యూరిటీ కంపెనీ స్టోరుకీపరు. బ్యాంకులో కాపలా డ్యూటీ దిగి, అప్పుడే టోపీ తీసి చెమట తుడుచుకుంటున్న గార్డు గబుక్కున బల్ల దగ్గరికొచ్చాడు.

“సరిగ్గా చూడు బావా.”

“మూడుసార్లు చూశాను. పొద్దున ఐదు తీసుకున్నట్టు మీ సంతకం ఉంది. తిరిగొచ్చినవి నాలుగు.”

ఈ స్టోరుకీపరు పరాయివాడేం కాదు. గార్డు భార్యకి స్వయానా అన్న. సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి ఈ ఉద్యోగం ఇప్పించింది గార్డే. చేరి ఇవాళ్టికి రెండో రోజు.

“కాస్త మెల్లిగా మాట్లాడవయ్యా. తూటా పోయిందంటే ఏమవుతుందో తెలుసా? నా ఉద్యోగం ఊడుతుంది.”

“తెలుసు. నిన్ననే రూల్సు మొత్తం చదివాను.”

“నిన్ను చదవమని ఎవరు ఏడ్చారు?”

గార్డు ప్యాంటు జేబులు తిరగేశాడు. తాళంచెవులు, బస్సు టికెట్టు, ఒక దగ్గు బిళ్ళ. టిఫిను డబ్బా మూత తీసి చూశాడు. బూట్లు విప్పి దులిపాడు. తూటా బూట్లోకి ఎలా వస్తుందని అడక్కండి, ఉద్యోగం పోయేలా ఉన్నప్పుడు మనిషి ఎక్కడైనా వెతుకుతాడు. బ్యాంకుకి ఫోన్ చేసి తను కూర్చునే కుర్చీ కింద చూడమన్నాడు. ఏమీ లేదన్నారు. ఇంకోసారి చూడమన్నాడు. పెట్టేశారు.

ఇక కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. కిటికీ దాకా వెళ్ళడం, గేటు వైపు చూడటం, మళ్ళీ బల్ల దగ్గరికొచ్చి ఆ నాలుగూ లెక్కపెట్టడం. సూపర్‌వైజరు మూడింటికి వస్తాడు. గడియారంలో రెండూ నలభై అయింది.

“బావా, ఈ పూటకి ఐదని రాసెయ్యి. రేపటికల్లా ఎలాగో వెతికి తెస్తాను.”

“నాలుగుంటే ఐదని ఎలా రాస్తాను?”

“మీ చెల్లెలి మొహం చూసైనా రాయవయ్యా.”

“చెల్లెలి మొహం చూస్తే నాలుగు ఐదవుతాయా బావగారూ?”

గార్డుకి ఒళ్ళు మండిపోయింది. ఏరి కోరి తెచ్చి నెత్తిన పెట్టుకున్నాను, నాకు ఈ శాస్తి కావలసిందే అనుకున్నాడు.

అంతలో నూనె డబ్బా, గుడ్డపీలికలు పట్టుకుని తుపాకుల మేస్త్రీ వచ్చాడు. వారానికోసారి వచ్చి అన్నీ తుడిచిపెట్టి పోతాడాయన. సంగతి విని, ఒక తూటా అందుకుని చేతిలో దొర్లించి చూశాడు.

“ఈ తూటాల రకం ఎప్పుడు మారింది?”

“మూడు నెలలైంది,” అన్నాడు గార్డు.

“అదీ సంగతి! ఇవి పొడుగు తూటాలు. పాతవాటికంటే పావంగుళం ఎక్కువ. ఈ తుపాకీ రెండు రకాలూ పేలుస్తుంది, దానికేం ఢోకా లేదు. కడుపులో పట్టడం దగ్గరే తంటా.”

తుపాకీలో తూటాలు నింపే మేగజైను గొట్టంలోకి ఒక్కొక్కటే దూర్చాడు. నాలుగు వెళ్ళాయి. స్టోరులోని తూటాల పెట్టెలోంచి ఇంకోటి తీసి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. లోపలి స్ప్రింగు దాన్ని మళ్ళీ బయటికి నెట్టేసింది. దాన్ని తిరిగి పెట్టెలో పడేశాడు.

“పొట్టివైతే ఐదు. పొడుగువైతే నాలుగే. నీ పెట్టెలో ఎన్నున్నాయో లెక్కపెట్టావుటయ్యా?”

స్టోరుకీపరు నాలిక కరుచుకుని లెక్కపెట్టాడు. ఇరవై ఐదులో ఐదు పోగా ఇరవై ఉండాల్సిన పెట్టెలో ఇరవై ఒకటి ఉన్నాయి. ఐదో తూటా అసలు గది దాటి వెళ్ళనే లేదు.

“మరి ఐదని ఎందుకు రాశారు బావగారూ?”

“అలవాటయ్యా! పట్టినన్ని కుక్కడం, ఐదని రాయడం. పదకొండేళ్ళుగా ఐదే రాస్తున్నాను.”

గార్డుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మేస్త్రీని కావలించుకున్నంత పని చేశాడు. మేస్త్రీ నవ్వుతూ తుపాకీ ఖాళీ చేసి, ఆ నాలుగూ మళ్ళీ బల్లమీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు లోపలికి వచ్చాడు. గార్డు కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు, స్టోరుకీపరు వింటేగా! గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాడు.

“మూడు నెలలుగా పుస్తకమంతా తప్పే సార్! ఎవ్వరూ ఒక్కసారైనా లెక్కపెట్టలేదు!”

సూపర్‌వైజరు పుస్తకం అందుకుని పేజీలు వెనక్కి తిప్పాడు. ఐదు. ఐదు. ఐదు. ప్రతి ఐదు పక్కనా గార్డు సంతకం. ప్రతి పేజీ అడుగునా ‘స్వయంగా లెక్కించి సరిచూశాను’ అని సూపర్‌వైజరు సంతకం. మేస్త్రీ చప్పుడు చేయకుండా నూనె డబ్బా పుచ్చుకుని జారుకున్నాడు.

సూపర్‌వైజరు పుస్తకం మూశాడు. “నువ్వు రూల్సు చదివావుగా. తప్పుడు లెక్క రాసినవాణ్ణి ఏం చెయ్యాలి?”

“ఉద్యోగంలోంచి తీసెయ్యాలి సార్,” అని ఠక్కున చెప్పేశాడు స్టోరుకీపరు. చెప్పాక బావగారి వైపు చూశాడు. ఆయన ఇంకా బూట్లు కూడా వేసుకోలేదు. మేజోళ్ళతో, టిఫిను డబ్బా పొట్టకి కరుచుకుని నిలబడి ఉన్నాడు.

“ఇవి నాలుగే అయితే మీ బావని ఇప్పుడే ఇంటికి పంపించేస్తాను. పై ఆఫీసుకి నువ్వే రాద్దువుగాని.” సూపర్‌వైజరు తూటాలని అతని ముందుకి జరిపాడు. “లెక్కపెట్టి చెప్పు. ఎన్ని?”

స్టోరుకీపరు ఒక్కొక్క తూటామీదా వేలు పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అక్కడ ఆగాడు. తర్వాత నాలుగోదాని పక్కన బల్లమీద ఖాళీ చోట ఇంకొక్కసారి వేలు ఆనించాడు.

“ఐదు సార్.”