ఎర్ర పీలికలు

బుల్‌డోజర్ ముందు ఒక ముసలావిడ బైఠాయించింది. చంకన గుడ్డసంచీ, ఎండకి తలచుట్టూ ఎర్రగుడ్డ.

సూపర్‌వైజర్‌కి తలప్రాణం తోకకొచ్చింది. ఊరి చివర మిగిలిన ఆఖరి గుట్ట అది. వారంలో చదును చెయ్యకపోతే అతని ఉద్యోగం ఊడుతుంది.

"లే పెద్దమ్మా! పిచ్చిమొక్కల కోసం ఈ రభసేంటి?"

"పిచ్చివి కావు బాబూ. ఈ ముప్ఫై మొక్కలూ పోతే ఇంకెక్కడా లేవు. నాలుగు రోజుల్లో గింజ ముదురుతుంది. ఏరుకుని నా దారిన నేను పోతాను."

"ఇంతకీ దాని పేరేంటో?"

ఆవిడ మొహమాటంగా నవ్వింది. "పేరుదేముందిలే!"

అతని మనసు మెత్తబడింది. "సరే, ముందు అటుపక్క తవ్విస్తాను. నీ మొక్కలకి గుర్తు పెట్టుకో."

ఆవిడ తలగుడ్డ విప్పి పీలికలుగా చింపింది. చిన్నపిల్లకి జడ రిబ్బను కట్టినట్టు ఒక్కో మొక్కకీ కట్టి, అతనికి దండం పెట్టి వెళ్ళింది.

ఇదంతా జరిగేటప్పుడు డ్రైవర్ భోజనానికి వెళ్ళి ఉన్నాడు. వాడు తిరిగొచ్చి బండెక్కే వేళకి ఆఫీసు నుంచి ఫోను. షెడ్డులో నిలబడి చివాట్లన్నీ తిని సూపర్‌వైజర్ తిరిగొచ్చేసరికి, ముప్ఫై మొక్కలూ వేళ్ళతో సహా మట్టికుప్పలో ఉన్నాయి.

"ఎంత పని చేశావురా!"

"ఎర్రగుడ్డ కట్టుంది కదన్నా! ఎర్రగుడ్డ కట్టినవే కదా మనం ముందు పీకేది?"

నిజమే. వాడికి ఆ పద్ధతి నేర్పిందీ అతనే.

నాలుగో రోజు ఆవిడ వచ్చింది. తిట్టలేదు, శపించలేదు. కుప్ప పక్కన కూర్చుని కాయలన్నీ ఒక్కొక్కటిగా చిదిమి చూసింది. అన్నీ తాలే.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే బాబూ," అని లేచి వెళ్ళిపోయింది.



మర్నాడు పని ఆపమన్న కాగితంతో అటవీ అధికారి జీపులో ఊడిపడ్డాడు.

"ఆ మొక్కలేవీ?"

సూపర్‌వైజర్ మట్టికుప్ప చూపించాడు.

"కొంప ముంచారు కదయ్యా! ఒక టీచరమ్మ ఆర్నెల్లు మా ఆఫీసు చుట్టూ తిరిగితే ఇవాళ్టికి సంతకం పడింది."

"వేరే ఎక్కడైనా విత్తనాలు దొరకవా సార్?"

"దొరికితే నేనిక్కడికెందుకొస్తాను?"

అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక రాయి మీద కూలబడ్డాడు. సూపర్‌వైజర్‌కి ఆ మొహమాటపు నవ్వు గుర్తొచ్చింది.

"దాని పేరేంటి సార్?"

"ఆవిడ పేరేనయ్యా, ముప్ఫై ఏళ్ళ క్రితం ఈ గుట్ట మీద దాన్ని మొదట కనిపెట్టింది ఎర్రగుడ్డ తలకి చుట్టుకు తిరిగే ఆ టీచరమ్మే."