వచ్చే ఏడాది ఎత్తు

మా మనవరాలు ఎంత జోరుగా ఎదుగుతోందంటే, సైకిలు తొక్కుతుంటే మోకాళ్లు హ్యాండిలుకి కొట్టుకుంటున్నాయి. చూడలేక నేనూ, మా ఆవిడా, పిల్లా సైకిళ్ల షాపుకి వెళ్లాం. మా తాహతుకి ఒక్కటే వస్తుంది, అది నాలుగేళ్లయినా ఆగాలి.

"పాప వచ్చే ఏడాదికి ఎంత ఎత్తవుతుందో చూసుకుని కొనండి," అన్నాడు షాపతను.

వచ్చే ఏడాది ఎత్తుని ఇవాళ ఎక్కణ్ణించి తేను? నేనేమో నిచ్చెనంత మనిషిని. మా ఆవిడ పిల్లకంటే బెత్తెడే పొడుగు.

"అమ్మమ్మా, నువ్వెక్కు. కొలత తెలుస్తుంది," అంది పిల్ల.

"నేనా? సైకిలా? నలుగురూ నవ్వరూ!" అంటూనే మా ఆవిడ చీర కుచ్చిళ్లు దోపేసింది. పెళ్లినాడు కూడా ఆవిడ ఇంత సిగ్గుపడలేదు. ఆ రోజు సిగ్గుపడింది నేను, అదో పెద్ద కథ.

ఎక్కింది. పిల్ల వెనకనుంచి ఓ తోపు తోసింది. అంతే, మందుల కొట్టు దాటి, "తప్పుకోండి బాబూ, తప్పుకోండి!" అని బెల్లు మోగిస్తూ మా ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది.

"పరిగెత్తవే, పడిపోతుంది!" అన్నాను గుండె చేత్తో పట్టుకుని.

"పడదులే తాతయ్యా. మధ్యాహ్నం నువ్వు గుర్రు పెట్టినప్పుడల్లా నా సైకిలు మీద నేర్పించాగా! అమ్మమ్మ కాళ్లు నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించేశాం. మళ్లీ పైకెత్తితే నాకింకో ఏడాది హాయిగా వస్తుంది."

అంతలో బెల్లు వినిపించింది.

"ఏమండీ, ఇదే తీసుకోండి! పిల్లకి అచ్చంగా సరిపోయింది!" అంటూ మా ఆవిడ మమ్మల్ని దాటి రెండో రౌండుకి వెళ్లిపోయింది.