కరవని పెడల్స్

"మళ్ళీ పెడలేనా?" అని అడిగింది ఉమ.

తేజశ్రీ పైజామా అంచు కిందికి లాక్కుంది. "సైకిల్ వెనక్కి తిప్పుతుంటే తగిలింది మేడం."

మోకాలి కింద ఎముక మీద చర్మం గీరుకుపోయి, చుట్టూ నీలంగా కమిలింది. పోయిన నెల ఎడమ కాలు. ఇప్పుడు కుడి కాలు.

ఆ ఆఫీసులో తెలుగువాళ్ళు వాళ్ళిద్దరే. ఉమది రాజమండ్రి. ఢిల్లీకొచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. తేజశ్రీ మార్కాపురం దగ్గర పల్లెటూరి పిల్ల. మాట తక్కువ. భర్త రఘువీర్ సివిల్స్‌కి చదువుతున్నాడు. కటవారియా సరాయ్‌లో ఒంటిగది. ఈమె జీతంతోనే ఇల్లు గడుస్తోంది.

గది నుంచి హౌజ్‌ఖాస్‌లో ఉన్న ఆఫీసుకి సైకిల్ మీద వస్తుంది. ఆ సైకిలంటే ప్రాణం. చెట్ల నీడలో తొక్కుకుంటూ వచ్చి గేటు దగ్గర దిగేటప్పుడు తేజశ్రీ ముఖం వేరేగా ఉంటుంది. సీట్లో కూర్చునేసరికి ఆ ముఖం ఉండదు.

మొదటి దెబ్బ పోయినేడు ప్రిలిమ్స్ ఫలితాలొచ్చిన వారంలో తగిలింది. మొగుడి పరీక్ష పోయిన దిగులుతో పరధ్యానంగా తొక్కి ఉంటుందిలే అనుకుంది ఉమ. తర్వాత చూస్తే అది అలవాటైపోయింది.

ఆ మధ్య రఘువీర్ ఏదో పని మీద ఆఫీసుకొస్తే ఈ దెబ్బల సంగతి అతనికి చెప్పింది కూడా.

"నేనూ అదే మొత్తుకుంటున్నా మేడం. ఆ సైకిల్ అమ్మేసి బస్సులో వెళ్ళవే అంటే వినదు. మొండిది," అన్నాడతను నవ్వుతూ. వెళ్ళేముందు ఎదురుగా ఉన్న మందుల దుకాణానికి పోయి, దూదీ ఆయింట్‌మెంటూ కొనిచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రాడు అనుకున్నారు అందరూ.

ఇంకో రెండు దెబ్బలు తగిలితే సైకిల్ నిజంగానే పోయేట్టుంది. అందుకే శనివారం ఆఫీసవగానే ఉమ ఆమెను బేర్ సరాయ్ దారిలో ఉన్న సైకిల్ దుకాణానికి లాక్కెళ్ళింది.

"నీ పుట్టినరోజుకి నా కానుక అనుకో. నోరెత్తకు."

దుకాణం అతను పెడల్‌ని వేలితో తిప్పి చూశాడు. ఇనప చట్రం. రెండు వైపులా రంపం పళ్ళు.

"అరే దీదీ, ఇది పెడల్ కాదు, మొసలి! ఇన్నాళ్ళూ కాలు మింగెయ్యకుండా వదిలిపెట్టింది, సంతోషించండి."

ఉమ పకపకా నవ్వింది.

అతను స్టూలు మీద రెండు జతలు పెట్టాడు. ఒకటి అల్యూమినియంది. పైన చిన్న చిన్న మేకులు. "ఇది కొండలెక్కే కుర్రాళ్ళకి. పట్టు బాగుంటుంది. జారిందా, కాలు చీరేస్తుంది." రెండోది వెడల్పుగా, బల్లపరుపుగా ఉంది. పైన రబ్బరు, గుండ్రటి అంచులు. "దీని మీద పాదమంతా ఆనుతుంది. చెప్పులతో తొక్కినా ఆరామ్‌గా ఉంటుంది."

తేజశ్రీ మేకుల జత చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో మొనలు తాకి చూసింది.

"ఇవి ఇచ్చెయ్యి భయ్యా. వానలో పట్టుండాలి కదా."

"చాల్లే సంబడం! వానకి భయపడి ఎవరైనా ముళ్ళు కొనుక్కుంటారా?" అంది ఉమ. "భయ్యా, ఆ వెడల్పువే బిగించు."

"ఠీక్ హై. గ్యారంటీ ఇస్తున్నా దీదీ. ఇక మీ కాలికి దెబ్బ తగిలిందంటే అది పెడల్ వల్ల మాత్రం కాదు."

"విన్నావా?" అంది ఉమ.

తేజశ్రీ వింది.

అతను పానాతో కుడి పెడల్ ఊడదీశాడు. ఎడమదాన్ని మాత్రం ఇంకోవైపుకి తిప్పాడు. "ఎడమది ఉల్టా తిరుగుతుంది. తెలియనివాళ్ళు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది," అన్నాడు. పాతవి రెండూ తుక్కు డబ్బాలో పడేశాడు. తేజశ్రీ వంగి వాటిని తీసుకుని, కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది.

"ఆ తుప్పు మీద కూడా ప్రేమేనటే!"

"ఉండనీండి మేడం. ఎప్పుడైనా పనికొస్తాయి."

"సరేలే. ఇంతకీ మీ ఆయన రిజల్ట్ ఎప్పుడు?"

"రేపంటున్నారు."

"ఈసారి వచ్చేస్తుంది, చూడు. మీ కష్టాలన్నీ తీరిపోతాయి."

తేజశ్రీ సైకిలెక్కింది. పాదాల కింద ఎవరో అరచేతులు పెట్టినట్టుంది. నేరుగా గదికి పోకుండా, మార్కెట్ చుట్టూ ఇంకో చుట్టు తిరిగింది. ఎక్కడా కాలు జారలేదు.

రఘువీర్ మెట్ల దగ్గరే ఉన్నాడు. సైకిల్ వైపు చూశాడు. గొంతుక్కూర్చుని రబ్బరు మీద చెయ్యేశాడు.

"ఎవరు కొన్నారు?"

"ఉమ మేడం."

"బాగున్నాయి. పాతవేవీ?"

ఆమె సంచీలోంచి కాగితం పొట్లం తీసింది. అతను ఇంటి ఓనరు దగ్గరికెళ్ళి పానా తెచ్చాడు. కుడి పెడల్ వెంటనే ఊడింది. ఎడమది ఎంత తిప్పినా రాలేదు. అతని మెడ మీద నరం ఉబ్బింది.

"అటు కాదండీ," అంది తేజశ్రీ మెల్లగా. "ఎడమది ఉల్టా తిప్పాలి."

ఊడింది. పాత పెడల్స్ రెండూ గట్టిగా బిగించాడు. చేతికంటిన గ్రీజు ఆ కాగితానికే తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా అన్నాడు:

"రేపు రిజల్ట్ తేడా కొడితే, ఎల్లుండి ఆ మెత్తటి పెడల్స్‌తో పోయి, కాలికి దెబ్బ ఎలా తగిలిందని చెప్తావే మీ మేడంకి?"